చూడని ముక్కలు

నవంబరు 4, సోమవారం

ఆదివారం అనుబంధం డెస్క్ నుంచి ఫోన్. జనమంతా ఫోన్లలో మూడు ముక్కలాట ఆడుతున్నారట, దాని మీద వ్యాసం కావాలట. చరిత్ర, నియమాలు, పోకర్‌తో చుట్టరికం. "మీ స్టైల్లో మేడం, ఫ్యాక్ట్స్ మాత్రమే." నా స్టైల్ అదేనని ఆ కుర్రాడికి ఎవరో చెప్పినట్టున్నారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేకాట మీద నేను రాసింది ఒకటే వార్త. స్థావరంపై దాడి, అరెస్టులు, నగదు స్వాధీనం. ఊరి పేరు మారుతుంది, మిగతాదంతా అదే. ఆట ఎలా ఆడతారో ఎప్పుడూ రాయలేదు. తెలియదు కనుక.

నవంబరు 6, బుధవారం

దొరికినవి.

ఇంగ్లండ్‌లో బ్రాగ్ అని ఒక ఆట. దాని మూడు ముక్కల రకమే మన తీన్ పత్తికి మూలం అంటారు. పోకర్‌కు కూడా బ్రాగ్ దగ్గరి చుట్టమే. కంటోన్మెంట్ల నుంచి ఊళ్ళలోకి వచ్చిందని ఒకరు, రైల్వే క్వార్టర్ల నుంచి అని ఇంకొకరు. ఎవరి దగ్గరా ఆధారం లేదు. రెండూ కొట్టేశాను.

వరస: మూడూ ఒకే అంకె అయితే ట్రెయిల్, అది అన్నిటికంటే పెద్దది. తర్వాత ఒకే రంగులో, అంటే ఒకే గుర్తులో, వరస ముక్కలు. తర్వాత రంగు కలవని వరస. తర్వాత ఉత్త రంగు. తర్వాత జత. ఏదీ లేకపోతే చేతిలోని పెద్ద ముక్క.

మంచం మీద నాలుగు చోట్ల పంచి చూశాను. నాలుగు చోట్లా నేనే. నేనే పెంచి, నేనే ముక్కలు పడేసి... కాసేపటికి పేక డబ్బాలో పెట్టేశాను. ఎదుటి మనిషి ముఖం చూసి ఆడే ఆట ఇది. పటేల్‌గూడలో, ఈ రెండో అంతస్తు పోర్షన్‌లో, ఎదురుగా బీరువా అద్దం ఒక్కటే ఉంది.

నవంబరు 7, గురువారం

పటాన్‌చెరు. మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ గేటు ముందు డేరా. ఎండాకాలంలో ఒక ఉదయం డ్యూటీకి వచ్చేసరికి గేటుకు తాళం. మిగతా వాళ్ళు దొరికిన పనిలోకి వెళ్ళిపోయారు. కేసు వేసిన నలుగురు మాత్రం డేరా కింద కూర్చుంటున్నారు. సాయంత్రం ఐదు దాకా పర్మిషన్. నేను వెళ్ళింది విచారణ మళ్ళీ వాయిదా పడిన వార్త కోసం.

"పోయినసారి రాసిందే గద మేడం. తేదీ మార్చు, అయిపాయె" అన్నాడు యాదగిరి. బాయిలర్ ఆపరేటర్, ఇస్మాయిల్‌ఖాన్‌పేట మనిషి. నవ్వించే మాట కూడా నవ్వకుండా అంటాడు.

చాప మీద ఆట నడుస్తోంది. మూడు ముక్కలే. వెతకబోయిన తీగ...

డబ్బు లేదు. పైసలు పెడితే పోలీసులకు డేరా పీకడానికి సాకు దొరుకుతుందని ముందే అనుకున్నారట. పందెం కాసేది ఖాళీ క్యాప్సూల్ గొట్టాలు. సగం ఎరుపు, సగం తెలుపు. ఫ్యాక్టరీ పనికిరావని బయట పారేసిన బస్తాలోవి. వాటిలో మందు నింపి అట్టలకెక్కించిన చేతులు బాలమణివి, ప్యాకింగ్ సెక్షన్, హత్నూర నుంచి బస్సులో వస్తుంది. మూడో మనిషి రాంప్రసాద్, బిహార్ నుంచి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసినవాడు.

ఆడేది ముగ్గురు. పంచేది నలుగురికి. నాలుగో చోట మనిషి లేడు, గొట్టాల కుప్ప ఉంది. అందరికంటే పెద్ద కుప్ప.

ఎవరిదని అడిగాను.

"సుబ్బారావు సారుది. ఇంట్ల ఆమెకు ఆపరేషన్ అయింది, వస్తలేడు. మనిషి రాకుంటే ముక్కలు పడొద్దా ఏంది?" అంది బాలమణి.

నేర్పుతారా అన్నాను. యాదగిరి చాప మీద జరిగి చోటిచ్చాడు.

నవంబరు 8, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను. వ్యాసం కోసం. అలా రాసి పెట్టుకుంటున్నాను.

నేర్చుకున్నవి. ముందు తలా ఒక గొట్టం మధ్యలో వెయ్యాలి, అది బూట్. తర్వాత ముక్కలు. చూసి ఆడొచ్చు, చూడకుండానే ఆడొచ్చు. చూడనివాడు బ్లైండ్, వాడు ఒకటి వేస్తే చూసినవాడు రెండు వెయ్యాలి. ఇష్టం లేనివాడు ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవచ్చు, దాన్ని ప్యాక్ అంటారు. చివరికి ఇద్దరు మిగిలితే ఒకరు షో అడుగుతారు. పెద్ద ముక్కలవాళ్ళకు కుప్ప.

ఒక నియమం ఏ వెబ్‌సైటు చదివినా బుర్రకెక్కలేదు. డేరాలో ఒక్క ఆటకే ఎక్కింది. ముక్కలు చూసినవాడు, చూడనివాడిని షో అడగకూడదు. చూడనివాడు మాత్రం ఎవరినైనా అడగొచ్చు.

సుబ్బారావు గారి ముక్కలు ఎవరూ ఎత్తరు. ఆయన ఎప్పటికీ బ్లైండే. పక్కనున్నవాళ్ళు ఆయన కుప్పలోంచే ఒక్కో గొట్టం వేస్తూ పోతారు. చూసినవాళ్ళు ఆయన్ని షో అడగలేరు. రెండేసి వేసి వేసి, గొట్టాలు అయిపోయి, ప్యాక్. ఇంట్లో కూర్చున్న మనిషి ఇక్కడ గెలుస్తూనే ఉన్నాడు.

జ్వరమొచ్చి ఒక రోజు రానివాడి కోసం పెట్టుకున్న పద్ధతట. నెల దాటినా రాని మనిషి విషయంలో ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించలేదు.

"మరి ఆయన్ని ఓడించేదెలా?"

"నువ్వు గూడ సూడకు" అన్నాడు యాదగిరి.

నా వల్ల కాలేదు. ముక్కలు పడగానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. "పత్తా దేఖా, తో ఫసా" అని రాంప్రసాద్ తల ఊపాడు. చూశావా, ఇరుక్కున్నావు. నిజంగానే ఇరుక్కున్నాను, చేతిలో రంగు పెట్టుకుని.

నవంబరు 10, ఆదివారం

నిజామాబాద్ నుంచి చెల్లి ఫోన్. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా. రెండింటికీ ఆఁ. ఇంకేంటి... ఇంకేం లేదు.

తర్వాత రోజంతా మాట్లాడాల్సిన పని పడలేదు.

నవంబరు 12, మంగళవారం

పొద్దున మంచుకు గొట్టాలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. బాలమణి పాత పేపరు పరిచి ఎండలో ఆరబెడుతోంది. పేపరు మాదే. నా వార్త మీద సుబ్బారావు గారి గొట్టాలు.

పక్కన కూర్చుంటే తనే చెప్పింది. బొల్లారం దిక్కు ఇంకో కంపెనీలో ప్యాకింగ్ పని ఉంది. సూపర్‌వైజర్ తెలిసినామె. నెలాఖరు లోపల చేరాలి, తర్వాత ఆగరు. కాకపోతే పాత కంపెనీ సర్టిఫికెట్ చూపించాలి. ఇక్కడివాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వాలంటే కేసు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి.

"పెడతావా?"

"ఎట్ల పెడత? నలుగురం కూసున్నం గద. సుబ్బారావు సారు ఇంట్ల గంత కష్టం పెట్టుకోని పెట్టలే. నేనెట్ల పెట్టాలె?"

ఒక పక్క అంటిన గొట్టాలను విడదీస్తూనే ఉంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మంచానపడ్డ అత్త. ఇవి ఆమె చెప్పలేదు, యాదగిరి చెప్పాడు.

నవంబరు 14, గురువారం

పటేల్‌గూడ బస్టాపు దగ్గర టీ కొట్టు. పొద్దున.

సుబ్బారావు గారు.

నీలం చొక్కా. జేబు మీద వేరే కంపెనీ పేరు. మెడలో కొత్త కార్డు. నన్ను చూసి కార్డును జేబులోకి తోశాడు. డేరా మొదలైన కొత్తలో ఈయన మాట ఒకటి రాసుకున్నాను కూడా — తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందండీ, ఇక ఈ గేటే మా ఊరు అన్నాడు.

 ఆయనే...

"సంతకం పెట్టేశానండీ. దసరా ముందే. ఆపరేషనంటే మాటలా అండీ."

ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను. లేచి తిరుగుతోందన్నాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వాళ్ళకి మీరు చెప్పకండి మేడం. నేనే వెళ్తాను. నా నోటితో చెప్పాలి కదండీ."

కంపెనీ బస్సు వచ్చింది. ఎక్కి ఎటువైపు కిటికీ దగ్గర కూర్చున్నాడో చూడలేదు.

సరే అన్నానా? గుర్తు లేదు. కాదని మాత్రం అనలేదు.

నవంబరు 15, శుక్రవారం

నాకు తెలిసిన విషయం: ఆయన కేసులో లేడు. ఆయనున్నాడనే నమ్మకంతో బాలమణి పని వదులుకోబోతోంది. గడువు నెలాఖరు.

వార్తయితే రెండు లైన్లలో రాసి పంపేసేదాన్ని.

చెబితే బాలమణికి పని దొరుకుతుంది. ఆమె వెళితే యాదగిరి, రాంప్రసాద్ ఎన్నాళ్ళు కూర్చుంటారు? డేరా ఉండదు. చాప ఉండదు. నాకు ముక్కలు పంచేవాళ్ళు... ఈ చివరి వాక్యం లెక్కలోకి రాకూడదు. వస్తోంది.

నవంబరు 17, ఆదివారం

వెళ్ళాను. ఆయన వస్తాడేమోనని ఐదింటి దాకా కూర్చున్నాను. రాలేదు.

బాలమణి మధ్యలో అడిగింది — మీరిద్దరూ ఒక్క పటేల్‌గూడనే గద, సారు కలుస్తడా అని.

"బిజీగా ఉన్నారేమో" అన్నాను.

ఏమో. నా వార్తల్లో ఎక్కడా కనపడని మాట.

నవంబరు 19, మంగళవారం

జ్వరం. వ్యాసం పంపేసి పడుకున్నాను.

నవంబరు 20

జ్వరం. కింద ఓనరుగారి అమ్మాయి బ్రెడ్డు తెచ్చి తలుపు దగ్గర పెట్టి వెళ్ళింది.

నవంబరు 21

అదే. ఫోన్ ఒక్కసారే మోగింది. పేక గుర్తుల బొమ్మలు కావాలట డెస్క్‌కు. ఆఠీను ఏది, కళావరు ఏది అని.

నవంబరు 24, ఆదివారం

వ్యాసం వచ్చింది. లేవగలిగాను. డేరాకు వెళ్ళాను.

నా చోట గొట్టాల కుప్ప.

అర్థం కాలేదు. ఎవరో ఇక్కడ కూర్చున్నారనుకుని పక్కకు జరగబోయాను.

"నీయే. కూసో" అన్నాడు యాదగిరి. "వారం దినాలు నువ్వు రాలే. మనిషి రాకుంటే ముక్కలు పడ్డయి. నువ్వున్నప్పుడు ఓడిపోతవ్, లేకుంటే గెలుస్తవ్. జెర తరచుగ జ్వరం తెచ్చుకో."

రాంప్రసాద్ నవ్వి దగ్గాడు. బాలమణి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఇంక కాలుతున్నది. ఎందుకొచ్చినవక్కా?"

మొన్నటిదాకా మేడం.

తల వంచుకుని గొట్టాలు సర్దుకున్నాను.

తర్వాత యాదగిరి వ్యాసం పైకి చదివాడు. బ్రాగ్ దగ్గర ఆగి, గదేం పేరు అన్నాడు. ఆసు, రెండు, మూడు వరస పెద్దదా, ఆసు, రాజు, రాణి పెద్దదా అన్న చోట రాంప్రసాద్‌తో తగువు. రెండు రకాలుగానూ ఆడతారని నేను రాసిందే ఇద్దరికీ నచ్చలేదు. చివరిదాకా చదివి కాగితం తిప్పి చూశాడు.

"అసలు రూలే లేదు గద మేడం. సూసినోడు సూడనోన్ని అడగొద్దన్నది."

రాశాను. డెస్క్‌లో కోసేశారు. చోటు చాలక.

నవంబరు 26, మంగళవారం

రేపు చెప్పేస్తాను. బాలమణికి ఒక్కదానికే. ఆయన నోటితో చెప్పాలనుకుంటే చాలా ఆదివారాలు దొరికాయి. నెలాఖరు లోపల ఇక ఆదివారం లేదు.

చెప్పే మాట అద్దం ముందు అనుకున్నాను. ఆయన సంతకం పెట్టారు, నాతో చెప్పారు. అంతే. విశేషణాలు అక్కర్లేదు.

నవంబరు 27, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఆటలో సైడ్ షో అని ఒకటుంది. ముక్కలు చూసినవాళ్ళు, తమకు ముందున్న మనిషి కూడా చూసి ఉంటే, మన ఇద్దరి ముక్కలూ పోల్చుకుందామా అని అడగొచ్చు. ఒప్పుకుంటే ఇద్దరే చూసుకుంటారు. మిగతావాళ్ళకు చూపించరు. తక్కువవాళ్ళు తప్పుకుంటారు. ఎందుకు తప్పుకున్నారో మూడో మనిషికి తెలియదు.

నా తర్వాతి చోటు బాలమణిది. ఇన్నాళ్ళలో ఎవరినీ సైడ్ షో అడగలేదు. ఇవాళ నన్ను అడిగింది.

నా చేతిలో తొమ్మిదుల జత. సరే అన్నాను. కొంగు అడ్డం పెట్టి తల దగ్గరకు తెచ్చింది. ఆమె ముక్కలు చూశాను. రాణి, ఏడు, నాలుగు. రంగు లేదు, జత లేదు. ఆ ముక్కలతో ఎవరూ సైడ్ షో అడగరు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది, పెదవులు కదలకుండా.

"నువ్వు బిజీ అన్ననాడే సమజైంది. నీలం అంగి నేను గూడ సూసిన అక్కా. బీరంగూడ కమాన్ కాడ. బస్సుల కూసున్నడు."

ఎప్పుడని అడిగాను.

"బతుకమ్మ అయినంక. యాదగిరన్నకు సెప్పకు. ఆయన తట్టుకోడు."

"మరి నీ పని? నెలాఖరు..."

"ఆయన పొయ్యిండని నేను పోతే, నన్ను సూసి ఇంకొకలు పోతరు. తెల్వనట్టు ఉన్నన్ని దినాలు నలుగురమే."

కొంగు తీసేసింది. "నేను ప్యాక్" అని పైకి అని ముక్కలు బోర్లా పడేసింది.

"ఏమున్నయే అంత గుసగుస?" అన్నాడు యాదగిరి.

"తొమ్మిదులు. నువ్వు సూసుకో ఇగ."

నా తొమ్మిదుల సంగతి చెప్పేయడం ఆటకు విరుద్ధం. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఆట కూడా సుబ్బారావు గారే గెలిచారు.

నవంబరు 28, గురువారం

హైవే దాకా యాదగిరి తోడొచ్చాడు. ఆటో ఆపాడు. ఎక్కాక, లోపలికి వంగి...

"మేడం, సుబ్బారావు సారు సంగతి నీకెర్కేనని నాకు తెల్సు. ఒక్క ఊళ్ళె ఉండి కనపడకుంట ఉంటడా? బాలమణికి చెప్పకు. ఆ పిల్ల ఆయన్ని సూసే కూసున్నది."

తల ఊపాను.

రాంప్రసాద్‌ను అడగాలనిపించలేదు.

ఇన్ని రోజులు నేను మోస్తున్నదాన్ని ఒక్కొక్కరూ విడివిడిగా మోస్తున్నారు. మిగతా వాళ్ళకు బరువవుతుందని.

నవంబరు 30, శనివారం

నెలాఖరు. బాలమణి పొద్దున మామూలు బస్సుకే వచ్చింది. గొట్టాలు ఆరబెట్టింది. బొల్లారం గురించి నేనడగలేదు. మధ్యాహ్నం తనే, ముక్కలు కలుపుతూ, పొయ్యింది లె అంది. అంతే.

నేను ముందే చెప్పి ఉంటే... ఆమెకు ముందే తెలుసు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి రెండోదాన్ని కొట్టేయడం లేదు.

డిసెంబరు 3, మంగళవారం

విచారణ తేదీ వచ్చింది. పదో తారీకు, సంగారెడ్డి లేబర్ ఆఫీసు. ఈసారి వాయిదా లేదట. కేసు వేసిన నలుగురూ రావాలి. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు.

వార్త పంపాను. నాలుగు లైన్లు. నలుగురు అని రాశాను.

రాసి చాలాసేపు ఆ మాట వైపు చూశాను. కాగితం మీద నిజమే, కేసు వేసింది నలుగురు. డెస్క్‌లో ఎవరూ అడగలేదు.

డిసెంబరు 5, గురువారం

టీ కొట్టు దగ్గర కాసుకుని కూర్చున్నాను. బస్సు వచ్చేవేళకు వచ్చాడు.

మంగళవారం పేరు పిలుస్తారని చెప్పాను. తెలుసండీ అన్నాడు.

మీకు రోజూ ముక్కలు వేస్తున్నారని చెప్పాను. అది తెలియదు.

"నాకా అండీ? నేను లేకుండానా?"

గెలుస్తున్నారు కూడా అన్నాను. నవ్వబోయాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, టీ డబ్బులివ్వడం మరచిపోయి, బస్సెక్కాడు. నేనిచ్చాను.

డిసెంబరు 8, ఆదివారం

వచ్చాడు.

మూతపడ్డ ఫ్యాక్టరీ పాత ఖాకీ చొక్కాలో. ఇస్త్రీ చేసి ఉంది. చేతిలో జంతికల డబ్బా. ఆవిడ పంపిందట.

ఎవరూ లేవలేదు, ఎవరూ పలకరింపులు పెంచలేదు. నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినట్టే జరిగి చోటిచ్చారు. ఆయన చోట ఆయన కూర్చున్నాడు. ముందున్న కుప్పను చూసి చెయ్యి పెట్టలేకపోయాడు.

"ఇవన్నీ నావేనా అండీ?"

"నీయే సారూ. నువ్వు లేకుంటనే మంచిగ ఆడుతున్నవ్. ఇయ్యాల పాడుచేయకు" అన్నాడు యాదగిరి.

అందరం నవ్వాం. జంతికలు తిన్నాం. బాలమణి ఆవిడ ఆరోగ్యం అడిగింది, కుట్లు మానినయా, బరువులు ఎత్తుతలేదు గద అని. రాంప్రసాద్ టీ తెచ్చాడు. ఆయన రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. అలా సవరించుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు వేరే మాట ఎత్తారు. ఒకసారి అది నేనే.

ఆడాం. ఒక ఆట రాంప్రసాద్, ఒకటి బాలమణి గెలిచారు. రెండింట్లోనూ సుబ్బారావు గారు ముక్కలు ఎత్తకుండానే ప్యాక్ అన్నాడు.

చివరి ఆట నేను ముక్కలు చూడలేదు. కావాలనే. చెయ్యి ముందుకు వెళితే వెనక్కి లాక్కున్నాను. యాదగిరి కనిపెట్టి కనుబొమలు ఎత్తాడు. సుబ్బారావు గారు కూడా చూడలేదు. మిగతా ముగ్గురూ చూశారు. ముందు రాంప్రసాద్ పడేశాడు, తర్వాత యాదగిరి. బాలమణి రెండు వేసి, మళ్ళీ రెండు వేసి, ఆగి, ప్యాక్ అంది.

ఇద్దరం మిగిలాం. ఇద్దరం బ్లైండ్. నేను ఒకటి వేశాను. ఆయన ఒకటి. నేను ఒకటి.

అప్పుడు ఆయన ముక్కలు ఎత్తాడు. ఇన్నాళ్ళలో ఆ చోట పడిన ముక్కల్ని ఎత్తి చూసిన మొదటి మనిషి. ఒక్కొక్కటే విప్పి చూసి, మూసి, చాప మీద పెట్టి, రెండు గొట్టాలు వేశాడు.

ఇక ఆయన నన్ను అడగకూడదు. నేను ఆయన్ని అడగొచ్చు. ఎదుటి ముఖం చూసి ఆడే ఆట ఇది అని నేనే రాశాను. చూశాను. ఆ ముఖంలో ఉన్నది ముక్కల సంగతి కాదు.

"షో అడగండి మేడం" అన్నాడు. మెల్లగా. "నన్నడగండి."

నా చేతిలో ఒక గొట్టం ఉంది.

"అడగకు అక్కా" అంది బాలమణి.

యాదగిరి హైవే మీద లారీలను చూస్తున్నాడు. రాంప్రసాద్ టీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చుతున్నాడు. అవి ఎప్పుడో అయిపోయాయి, మళ్ళీ విడదీసి మళ్ళీ దూర్చుతున్నాడు.

ఐదయింది. కానిస్టేబుల్ మోటారు సైకిల్ ఆపి, ఇగ సర్దుకోండి అన్నాడు.

యాదగిరి లేచి డేరా కొసన రెండు ఇటుకలు తెచ్చాడు. ఒకటి ఆయన ముక్కల మీద, ఒకటి నా ముక్కల మీద పెట్టాడు. మధ్యలోని గొట్టాల మీద జంతికల డబ్బా మూత బోర్లించాడు.

"ఆట అయిపోలే. అయిపోయేదాక ఇంకో ఆట పంచేది లేదు."

సుబ్బారావు గారు, నేను ఒకే ఆటోలో పటేల్‌గూడ వచ్చాం. ఆయన ముందు, నేను వెనక.  దిగాక ఆయన, నాకు పడినవి మంచి ముక్కలు కూడా కావండీ అన్నాడు.

డిసెంబరు 9, సోమవారం

పొద్దున మంచు. డేరా తడిసి వేలాడుతోంది. ఇటుకలు అక్కడే ఉన్నాయి. మూత ఎత్తి చూస్తే గొట్టాలు మెత్తబడి అంటుకున్నాయి. ఆరబెట్టాలంటే ఆట చెదురుతుందని బాలమణి మళ్ళీ మూసింది.

ఆయన రాలేదు. డ్యూటీ.

పేక పక్కన పడి ఉంది, ఎవరూ పంచలేదు. యాదగిరి రేపటికి దర్ఖాస్తు కాగితాలు సర్దుకుంటున్నాడు. రాంప్రసాద్ చొక్కా ఉతికి తాడు మీద వేశాడు, రేపు తొడుక్కోవడానికి. ఎండ రాలేదు.

రేపు పదకొండింటికి ఆయన పేరు పిలుస్తారు. పలికినా పలకకపోయినా, తెలియనట్టు ఉండడం ముగ్గురికీ ఇక కుదరదు.

లేచి వస్తుంటే బాలమణి గేటు దాకా వచ్చింది.

"రేపు వస్తవా అక్కా?"

వస్తాను అన్నాను. వార్త కదా.

"రాయనీకి వస్తవా, మా దగ్గర కూసోనీకి వస్తవా?"

ఆటో వచ్చింది. ఎక్కాను.

ఇంటికొచ్చి అన్నం వండి, దించి, ఇది రాస్తున్నాను. ఆ ఇటుక కింద నాకేం పడ్డాయో ఇంకా చూడలేదు.